కంటికి పట్టిన తెగులు

మాది రావులపాలెం దగ్గర పల్లె. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ భూములు: లంకలో అరటి, ఏటిగట్టుకు ఇవతల వరి. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసి సేద్యంలోకి వచ్చినవాణ్ణి కాబట్టి తెగుళ్ళ పేర్లు నాకు కాస్త ఎక్కువే తెలుసు. వాటిలో ఫ్యుజేరియం అనే శిలీంధ్రంతో పాత పగ ఉంది. అరటికి పనామా తెగులు తెచ్చేది అదే. ఆకులు అంచుల నుంచి పసుపుబారి, మట్టలు విరిగి వేలాడి, మొదలు నిలువునా చీలి, గెల చేతికి రాకముందే చెట్టు పోతుంది. నేలలో చేరిందంటే ఏళ్ళ తరబడి వదలదు. ఆ కుటుంబానికే చెందిన మరొకటి మనిషి నల్లగుడ్డులోకి కూడా చొచ్చుకుపోతుందని కాలేజీలో చదివిన గుర్తు మాత్రం లేదు.

మొన్నటి దాళ్వాలో చేను చాలావరకు మిషనుతోనే కోయించాం. మిషను తిరగని మూల చెక్కను కూలీలు కోసి కళ్ళంలో నూర్చారు. సాయంత్రం గాలి లేచిందని ధాన్యం తూర్పారబడుతుంటే ఎగిరిన తాలు కుడికంట్లో కొట్టింది. కోతల్లో ఇది ఎవరూ చెప్పుకునే సంగతి కాదు. బోరు నీళ్ళతో కడుక్కుని పని ముగించాను. రాత్రికి గరగర మొదలైంది. తెల్లవారేసరికి వెలుతురు చూడలేకపోయాను. కన్ను ధారగా కారుతోంది.

మా పిన్ని నందివర్ధనం పూలు కోసుకొచ్చింది. "రసం రెండు చుక్కలు పిండుకోరా, చలవ చేస్తుంది" అంది. మా వైపు ఇది తరాలుగా కంటి మందు. ఆమె మీద గౌరవం కొద్దీ మూసిన రెప్పల మీద పూలు పెట్టుకున్నాను కాని, రసం పిండనివ్వలేదు మా ఆవిడ. "ముందు డాక్టరుగారికి చూపించుకోండి, ఆ తర్వాత మీ పిన్నిగారి వైద్యం" అని నన్ను బండి ఎక్కించింది.

దగ్గరి పట్టణంలో చూసిన మొదటి డాక్టరు టార్చి వేసి చూసి, గీరుకుందన్నారు. బాక్టీరియాను చంపే చుక్కలు రాసిచ్చారు. ఆ మందు మీద నాకు కోపం లేదు. గీరుకున్న కళ్ళలో చాలావాటికి అది సరిపోతుంది. ఏం పడిందని అడగకపోవడం మీదా, తగ్గకపోతే ఎప్పుడు తిరిగి రావాలో చెప్పకపోవడం మీదా ఉంది. నొప్పి తగ్గకపోగా కణతల దాకా పాకింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద బూడిదరంగు చుక్క. చూసినవాళ్ళందరూ "కంట్లో పువ్వు వేస్తోంది" అనడం మొదలుపెట్టారు. ఈలోగా బంధువు ఒకాయన మందుల షాపు నుంచి ఇంకో సీసా తెచ్చాడు, ఎరుపు పూటలో పోతుందట. అది స్టెరాయిడ్ కలిసిన మందు. మా ఆవిడ దాని మూత తీయనివ్వలేదు. అది ఎంత మంచి పని చేసిందో ఆసుపత్రి వార్డులో తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రిలో, గడ్డం ఆనించి కూర్చోబెట్టే పరికరం ముందు డాక్టరమ్మ చాలాసేపు చూశారు. పసుపు రంగు పూసిన కాగితపు ముక్కను కంటికి తాకించి, నీలం వెలుగు వేశారు. పైపొర ఊడిన మేర ఆకుపచ్చగా మెరుస్తుందట. "అంచులు నున్నగా లేవు, పీచుపీచుగా ఉన్నాయి. పక్కన చిన్న చిన్న మచ్చలు విడిగా ఉన్నాయి. ఏం పని చేస్తారు మీరు?" అని అడిగారు. వరి, అరటి అని చెప్పాను. "అయితే మందు వేసే ముందు గీకి చూడాలి" అన్నారు.

గీకేది కార్నియాను. కంటి ముందు గాజులా కనిపించే ఆ పొర నడిమధ్యన అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ మందం, అంతే. ఒంట్లో నాడుల కొసలు అతి దట్టంగా ఉన్న చోట్లలో అదొకటి కనుకే చిన్న నలుసు పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది. ముందు మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా తీగ బిగించారు. ఆ తర్వాత చిన్న బ్లేడు మొన తిన్నగా కంటి మీదికి వచ్చింది. నొప్పి తెలియదు కాని, చూపు తిప్పుకోవడానికి వీలుండదు. వచ్చేదాన్ని చూస్తూ ఉండాల్సిందే. డాక్టరమ్మ పుండు అంచునూ అడుగునూ గీకి, ఒక్కోసారి ఒక్కో గాజుపలక మీద రాస్తున్నారు. తర్వాత అదే మొనతో, పెంపక పదార్థం పోసిన పళ్ళేల మీద సున్నా చుట్టడం సగంలో ఆపినట్టు వరసలు గీశారు. ఆ గీతల మీద పెరిగితే కంట్లోంచి వచ్చిందని, గీత తప్పి పెరిగితే గాలిలోంచి పడిందని లెక్క. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. నారుమడిలో కలుపును గుర్తించేదీ ఇలాగే కదా, వరసలో ఉన్నదా లేదా అని.

గంటలోపే ఫలితం చెప్పారు. నేను డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రమని తెలిసి, మైక్రోబయాలజీ చూసే అమ్మాయి సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తే కంటి కణాలు కరిగి పలచబడతాయి. శిలీంధ్రం గోడ గట్టిది కాబట్టి మిగిలిపోతుంది. ఎడమకన్ను ఆనించి చూశాను. సన్నటి దారాలు, మధ్యమధ్య అడ్డుగోడలు, కొమ్మలుగా చీలికలు. పరీక్షల కోసం ఎన్నిసార్లో బొమ్మ వేసినదే. కుడికంట్లో ఉన్నదాన్ని ఎడమకంటితో చూడటం ఎలా ఉంటుందని తర్వాత చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో భయం కంటే గుర్తుపట్టానన్న సంబరమే ఎక్కువైంది.

"ఏ జాతో పళ్ళెంలో పెరిగాక చెబుతాను" అంది ఆ అమ్మాయి. కొన్ని రోజులకు తెల్లగా దూది పరుచుకున్నట్టు పెరిగింది. దాని బీజాలు కొడవలి ఆకారంలో, లోపల అరలతో ఉన్నాయి. ఫ్యుజేరియం. "మీ అరటిని చంపేది ఆక్సిస్పోరమ్‌లో ఒక రకం. కంట్లో ఎక్కువగా మాకు కనిపించేది సొలాని బృందం. దాయాదులు, అంతే" అని నవ్వింది. దాయాదుల సంగతి మా ఊళ్ళో ఎవరికి చెప్పాలి!

మందు నాటమైసిన్. అయిదు శాతం చుక్కలు. 1955లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీసినది. పేరు కూడా ఆ ప్రాంతానిదే. జున్ను మీద బూజు పట్టకుండా కూడా దీన్నే వాడతారు. నీళ్ళలో కరగదు కాబట్టి సీసా అడుగున సుద్ద పేరుకుంటుంది, ప్రతిసారీ బాగా కుదపాలి. కుదపకుండా వేస్తే పైన తేరిన నీళ్ళే కంట్లో పడతాయి. నర్సమ్మ ఈ ఒక్క మాట చెప్పినన్నిసార్లు ఇంకేదీ చెప్పలేదు.

గంటకోసారి వేయాలి. మొదట్లో రాత్రిళ్ళు కూడా. కార్నియాకు రక్తనాళాలు లేవు. ఉంటే వెలుగు తిన్నగా లోపలికి పోదు. ప్రాణవాయువును కన్నీటి పొర ద్వారా గాలిలోంచే తీసుకుంటుంది. కాబట్టి మాత్ర మింగితే, సూది వేస్తే మందు అక్కడికి చేరడం కష్టం. చుక్కలుగా వేసినా నాటమైసిన్ లోతుకు ఇంకదు. అందుకే డాక్టరమ్మ పుండు మీది పొరను మళ్ళీ గీకేవారు, ఈసారి పరీక్షకు కాదు, మందుకు దారి చేయడానికి. మా ఆవిడ ఫోనులో గంట గంటకూ అలారం పెట్టుకుని, సగం నిద్రలో సీసా కుదుపుతూ వచ్చేది. తెల్లటి పేస్టు రెప్పల కింద పేరుకుని, కన్ను తెరిస్తే సున్నం కొట్టిన గోడలా ఉండేది. మా అబ్బాయి నన్ను చూసి రెండు రోజులు దగ్గరికి రాలేదు.

పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. తాటిమట్ట కొస గీరుకుందట. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నారు. వేసిన పూటే ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. ఎరుపంటే ఒంట్లోని సైన్యం అక్కడికి చేరిందన్న గుర్తు. సైన్యాన్ని వెనక్కి పంపేస్తే శిలీంధ్రానికి అడ్డేముంది? ఆయన కార్నియాకు చిల్లు పడింది. దానం వచ్చిన కార్నియాను అత్యవసరంగా కుట్టారు. చూపు కోసం కాదు, గుడ్డును నిలబెట్టడానికి. ఇన్ఫెక్షన్ ఉండగా వేసిన అంటు చాలాసార్లు తెల్లబడిపోతుందని ముందే చెప్పారట. "బాబూ, చల్లగా ఉందని సంబరపడ్డాను" అనేవారు ఆయన.

ఒకనాడు ఇద్దరు యువకులు ఒక పత్రం పట్టుకుని వచ్చారు. శిలీంధ్రం పట్టిన కార్నియాల మీద జరుగుతున్న పరిశోధనలో చేరతారా అని అడిగారు. నా నుంచి కొత్తగా కోసేదేమీ లేదు. గీకినదాంట్లో పరీక్షకు పోగా మిగిలినదాన్ని దాచుకుంటారు. కాగితపు పట్టీ రెప్ప అంచున పెట్టి కన్నీరు పీల్చి, అందులోని ప్రొటీన్లు చూస్తారు. పత్రం తెలుగులోనే ఉంది, కాని అది ఎవరు రాసిన తెలుగో తెలియదు. ఒక వాక్యానికి రెండు సార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఇది మా రైతులకు చదివి వినిపిస్తే సంతకం కాదు, నమస్కారం పెట్టి పోతారు" అన్నాను. ఆ కుర్రవాళ్ళు నొచ్చుకోకుండా ఒక్కో పేరా మామూలు మాటల్లో చెప్పారు. పేరు బదులు సంఖ్య రాస్తారు. ఎప్పుడు వద్దన్నా మానుకోవచ్చు. మానుకున్నా వైద్యం ఆగదు. డబ్బు ఇవ్వరు, తీసుకోరు.

సంతకం పెట్టే ముందు ఒకటి అడిగాను: ఈ నాటమైసిన్ నాకు పనిచేస్తుందని మీకు ఎలా తెలిసింది? వాళ్ళు చెప్పిన జవాబు కోసమే ఇదంతా రాస్తున్నాననుకోండి. కార్నియాకు శిలీంధ్రం పడుతుందని మొదట వివరించినవాడు జర్మనీలో లెబర్ అనే డాక్టరు, 1879లో. ఆ రోగి ఒక రైతు. నూర్పిడి చేస్తుండగా ఓట్స్ పొట్టు ఎగిరి కంట్లో పడింది. పంట వేరు, దేశం వేరు, మిగతాదంతా మా కళ్ళమే. ఇక మందు సంగతి. వోరికోనజోల్ అనే కొత్త మందు వచ్చాక, అది కార్నియాలోకి బాగా ఇంకుతుంది కనుక పాత నాటమైసిన్‌ను మించిపోతుందని చాలామంది డాక్టర్లు అనుకున్నారు. అనుకుంటే సరిపోదని దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రులు, అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 323 మంది రోగుల మీద పోల్చి చూశారు. ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 2013లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల తర్వాత చూపు నాటమైసిన్ వేసినవారికే మెరుగ్గా ఉంది. చిల్లు పడటం, అంటు వేయాల్సి రావడం వారిలోనే తక్కువ. ఆ తేడా దాదాపు అంతా ఫ్యుజేరియం పట్టిన కళ్ళలోనే కనిపించింది.

అంటే, నా కంట్లో గంట గంటకూ పడుతున్న సుద్దనీళ్ళ వెనుక నాలాంటి కొన్ని వందల మంది కళ్ళున్నాయి. వాళ్ళలో సగం మందికి తక్కువ పనిచేసే మందు పడింది, అది తక్కువని అప్పటికి ఎవరికీ తెలియదు. అది విన్నాక పత్రంలోని తెలుగు మీద ఇంకేమీ అనకుండా సంతకం పెట్టాను. కన్నీటి పట్టీ మాత్రం గీకడం కంటే చిరాకుగా ఉంది. రెప్ప కొట్టుకోకూడదంటే ఇంకా కొట్టుకోవాలనిపిస్తుంది.

మానడం చాలా నెమ్మది. బాక్టీరియా పుండు రోజుల్లో తిరుగుముఖం పడుతుందని, శిలీంధ్రం పుండుకు వారాలు పడుతుందని ముందే చెప్పినా, ప్రతి ఉదయం అద్దం చూసుకుని నిరాశపడేవాణ్ణి. ఇంటికి పంపాక కూడా నెలకు పైగా చుక్కలు సాగాయి. పీచు అంచులు గుండ్రబడ్డాయి, మధ్యన పలచబడింది, చివరికి పైపొర కప్పుకుంది. మచ్చ మిగిలింది. కార్నియా పారదర్శకంగా ఉండటానికి కారణం అందులోని కొల్లాజెన్ పోగులు ఒకే మందంలో, ఒకే ఎడంలో అమరి ఉండటమని 1957లో డేవిడ్ మారిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. పుండు మానేటప్పుడు ఒళ్ళు పోగులు నేస్తుంది కాని ఆ కొలత పాటించదు. వెలుగు చెదురుతుంది, మనకు తెల్లగా కనిపిస్తుంది. పువ్వు అనేది అదే.

ఇప్పుడు ఆ కంటితో మనిషి వస్తున్నాడని తెలుస్తుంది, ఎవరో దగ్గరికి వస్తే కాని తెలియదు. రాత్రి ఎదురుగా లారీ లైటు వస్తే చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ఏడాది వరకు మచ్చ ఇంకొంచెం పలచబడవచ్చు, తొందరపడవద్దు అన్నారు డాక్టరమ్మ. గట్టి కాంటాక్ట్ లెన్సు పెడితే గతుకులు సర్దుకుని చూపు పెరుగుతుందట, పెట్టి చూపించారు కూడా. పట్టికలో మరో రెండు వరసలు చదివాను. కాని దుమ్ములో, తాలులో తిరిగేవాడికి లెన్సు అంటే మళ్ళీ అదే ముప్పు. వద్దనుకున్నాను.

మిగిలింది కార్నియా మార్పిడి. దీని కథ అడిగి తెలుసుకున్నాను. 1905లో ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ చేసినది మనిషికి నిలిచిన మొదటి మార్పిడి. రోగి సున్నం పడి రెండు కళ్ళూ పోయిన కూలీ. మన దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో మొదలైంది. రక్తనాళాలు లేని పొర కావడం వల్ల ఒంటి సైన్యం కన్ను అంత తేలిగ్గా పడదు. కిడ్నీకి చూసినంత పొంతన దీనికి చూడనక్కరలేదు. అయినా తిరస్కరణ ఉంటుంది, ఏళ్ళ తరబడి చుక్కలు వేసుకోవాలి, ఆ చుక్కలు స్టెరాయిడ్! శిలీంధ్రం పట్టి మానిన కంట్లో దాన్ని వేసే ముందు డాక్టర్లు చాలా ఆలోచిస్తారు. ఎడమకన్ను బాగుంది కనుక నా పేరు వరసలో పెట్టించలేదు. రెండు కళ్ళూ పోయినవాళ్ళు ముందుండాలి. 2022లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు త్రీడీ ముద్రణతో కార్నియా తయారుచేసి కుందేలు కంట్లో అమర్చారు. మనుషుల దాకా వచ్చేసరికి నా మచ్చ ఎక్కడికీ పోదు, ఆగి చూస్తాను.

కోతల్లో దీన్ని ఆపలేమా అన్నది నన్ను ఎక్కువగా తొలిచింది. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊరి కార్యకర్తల చేత, కన్ను గీరుకున్నవారికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు మూడు రోజులు వేయించారు. 18 గంటల లోపు మొదలుపెట్టినవాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో ప్రచురించారు. అది విని మా ఆశా కార్యకర్తతో మాట్లాడదామని లేచాను కూడా. ఆ తర్వాత నేపాల్‌లోనే చాలా పెద్ద ఎత్తున, కార్యకర్తలున్న ఊళ్ళనూ లేని ఊళ్ళనూ పోల్చి చూశారట. పుండ్లు తగ్గినట్టు తేలలేదని 2022లో వచ్చింది. ఈ రెండో సంగతి కూడా ఆ కుర్రవాళ్ళే చెప్పారు. మొదటిది చెప్పి ఊరుకుని ఉంటే నేను సంతోషంగా ఇంటికి పోయేవాణ్ణి. ఊరుకోలేదు కనుకే వాళ్ళ ఫోను వచ్చినప్పుడల్లా పని మానుకుని అయినా పరీక్షకు వెళుతున్నాను. ఫలితాలు వచ్చాక ఒక ప్రతి పంపమన్నాను, ఈసారి మామూలు తెలుగులో.

సార్వా కోతలకు కళ్ళజోళ్ళు కొన్నాను. ప్లాస్టిక్ అద్దాలవి, పక్కలు మూసి ఉండేవి. కూలీలు పెట్టుకున్నారు, పూట గడవకముందే నెత్తి మీదికి ఎత్తేశారు. "చెమటకు మసకేస్తున్నాయి బాబూ, కొడవలి కాలి మీద పడేలా ఉంది" అన్నారు. నేనూ పెట్టుకుని చూశాను. వాళ్ళు చెప్పింది నిజమే. రంపంతో చెట్లు కోసేవాళ్ళు అద్దం బదులు సన్నటి ఇనుప జాలీ ఉన్న జోళ్ళు వాడతారని తెలిసి, వాటిని తెప్పిస్తున్నాను. మసక పట్టవు. జాలీ కన్నాల్లోంచి తాలు దూరుతుందా అన్నది తూర్పారబడితేనే తెలుస్తుంది.